యాంకర్ ఒక్కటే తక్కువ

ఫోనుకు కవరు లేకపోతే ఒంటి మీద చొక్కా లేనట్టేనని నేను మనస్ఫూర్తిగా నమ్మిన రోజులవి. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. కామారెడ్డి స్టేషన్ రోడ్డులో ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో కౌంటర్ వెనక నిలబడేవాణ్ణి. మా సేటు నన్ను పెట్టుకున్నది ఫోన్లు అమ్మడానికి కాదు, అవి ఎవరైనా అమ్ముతారు. ఫోను కొన్నవాడు మెట్లు దిగేలోపు అతనికి కవరు, అద్దం, చెవుల్లో పెట్టుకునేవి, బండికి తగిలించే స్టాండు, వేలికి తొడుక్కునే ఉంగరం అంటగట్టడానికి. అందులో నన్ను మించినవాడు లేడు (గొప్ప కోసం కాదు, సిగ్గుపడుతూనే చెబుతున్నాను). గాంధారి నుంచి వచ్చిన ఒక ముసలాయన బటన్ల ఫోను కొనుక్కుంటే దానికి సెల్ఫీ కర్ర అమ్మి పంపాను. ఆ ఫోనుకు కెమెరా లేదు. నాలుగు రోజుల తర్వాత ఆయన మళ్లీ వస్తే తిట్టడానికే వచ్చాడనుకుని బల్ల కిందికి వంగాను. "బిడ్డా, కట్టె మంచిగున్నది, కుక్కలను అదిలిస్తున్న" అని మెచ్చుకుని పోయాడు. అలాంటివాడి చేతికి ఒక పడవ దొరికితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

పడవంటే మామూలు పడవ కాదు, కయాక్. ఒక్క మనిషి కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో తోసుకుంటూ పోయే ప్లాస్టిక్ పడవ. చేపలు పట్టేవాళ్ల కోసమని కొంచెం వెడల్పుగా, మధ్యలో కుర్చీ పెట్టి చేసింది. హైదరాబాదు అవతల మూతపడిన ఒక రిసార్టు వాళ్లు సామాన్లు అమ్ముకుంటుంటే కొన్నాను. పసుపు పచ్చగా మెరిసిపోతుండేది. ట్రాలీ ఆటోలో వేసుకుని కామారెడ్డి బజారులోంచి వస్తుంటే ఒకాయన బండి ఆపించి మరీ, "ఏందన్నా గది, బర్లకు కుడితి తొట్టా?" అని అడిగాడు. ఇంకొకాయన లోపలికి తొంగిచూసి, "ట్యాంకు మంచిగున్నది గని, మూతేమాయె?" అన్నాడు. నా లెక్క నాకుంది. సెలవు రోజుల్లో పట్నం వాళ్లు నిజాంసాగర్ డ్యామ్ వెనక నీళ్ల దగ్గరికి వస్తారు, నా కయాక్‌లో కూర్చుని చేపలు పడతారు, ఒకటి నాలుగవుతుంది, నాలుగు పదవుతాయి, నేను దుకాణం మానేస్తాను. అసలు మానేస్తానని సేటుకు అప్పటికే చెప్పేశాను కూడా. ఆయన "అచ్ఛా" అని, నా జాగాలోకి ఇంకో మనిషిని వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

అయితే ఆ నీళ్లలో దిగాలంటే అక్కడ చేపలు పట్టుకుని బతికేవాళ్ల సంఘం ఒప్పుకోవాలి. ఆ దారి మా అక్క అత్తగారింట్లోంచి ఉంది. అక్కను ఎల్లారెడ్డిలో ఇచ్చాం. బావకు టెంట్ హౌస్. పెళ్లిళ్లకు, దుకాణాల ప్రారంభాలకు షామియానాలు, కుర్చీలు, మైకులు ఇస్తాడు. బావ తండ్రి మాత్రం, నాకు మామ, టెంట్లు పట్టించుకోకుండా తన తెప్ప మీదే ఉండేవాడు. తెప్పంటే థర్మాకోల్ దిమ్మలను గోనె సంచుల్లో కుట్టి పలకలా కట్టుకున్నది. దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, రెండు చిన్న చెక్కలతో నీళ్లు తోసుకుంటూ నలభై ఏళ్లుగా వల వేస్తున్న మనిషి. ఆయన ఎన్నడూ ఎవరినీ ఏదీ అడగనివాడు, నా కోసం సంఘంలో నోరు తెరిచి అడిగాడు. వాళ్లు ఒక షరతు పెట్టారు. "మిర్గం నాడు అందరం ఒడ్డు మీదనే ఉంటం. ఆ పొద్దు మీ పిలగాడు నీళ్ల నడుమ నిలిచి ఒక్క చేప పట్టుకొస్తే దిగనిస్తం. లేకుంటే గా తొట్టి మల్ల ఈడ కనవడొద్దు." మిర్గమంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు. ఆ రోజు మా వైపు చేప ఉడకని ఇల్లు ఉండదు. కొనేవాళ్లు తెల్లవారేసరికి ఒడ్డుకే వచ్చేస్తారు. అంటే నా పరీక్ష ఊరంతా చూస్తుందన్నమాట. ఉద్యోగం వదులుకున్నాను, మామ మాట అడ్డం పెట్టాడు, నా చేతిలో ఉన్నది ఒక్క పొద్దు.

మిర్గానికి ఇంకా నెల ఉంది. ఇంకొకడైతే ఆ నెల రోజులూ చేపలు పట్టడం నేర్చుకునేవాడు. నేను సామాన్లు కొన్నాను. వీడియోల్లో తెల్లదొరల కయాకులకు ఏమేం ఉంటే అవన్నీ నాకూ ఉండాలి. గాలం కర్రలు నిలబెట్టే గొట్టాలు నాలుగు (కర్ర ఒక్కటే ఉంది). నీటి అడుగున చేపలు ఎక్కడున్నాయో చూపించే ఫిష్ ఫైండర్. ఫోను స్టాండు, అది మా దుకాణంలోదే. పాటలకు స్పీకరు, టీ గ్లాసు పెట్టుకునే రింగు, చేపలకు ఐసు డబ్బా, కుర్చీ మీద ఇంకో మెత్త, వెనక ఒక చిన్న జెండా, పైన ఎండ తగలకుండా పెద్ద గొడుగు. ఒక్కొక్కటి కొనేటప్పుడు కౌంటర్ అవతల నేను, ఇవతలా నేనే. "సార్, ఇంత పెట్టి పడవ కొన్నారు, దీనికి కక్కుర్తి పడితే ఎట్లా సార్?" అని నన్ను నేనే అడిగేవాణ్ణి. ఆ సారుకు ఎన్నడూ కాదనడం చేతకాలేదు.

మిర్గం ముందు రోజు పొద్దున పడవను అక్క వాకిట్లో దించి అన్నీ బిగించాను. అక్క చీపురు పట్టుకుని చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, "నువ్వు చాపలు పట్టుడానికి పోతున్నవా, దీంట్ల కాపురం పెట్టుడానికి పోతున్నవా?" అంది. మామ మాత్రం గొంతుక్కూర్చుని ఒక్కొక్కటీ వేలితో తడిమి చూశాడు.

"గీ తెర ఎందుకు పిలగా?"

"చేపలు ఏడున్నయో చూపిస్తది మామా."

"సూపిస్తే?"

"చూపిస్తే... ఉన్నయని తెలుస్తది."

"ఉన్నయని నేను జెప్త లే. గీ గొడుగు?"

"ఎండకు."

"నీళ్ల మీద గొడుగేందిరా, గాలి ఊకుంటదా?" అని లేచి నిలబడ్డాడు. "గివన్ని పీకేయ్. కర్ర ఉంచుకో, మునుగకుండ గా జాకీటు ఏస్కో. ఒక బరువు, ఒక తాడు పెట్టుకో. మిర్గం గాలి నిన్ను ఒక్క జాగల నిలువనియ్యది."

నాకు రోషం వచ్చింది. అమ్మేవాడి దగ్గరికొచ్చి ఇది వద్దు అది వద్దు అన్న మనిషిని నేను ఎన్నడూ ఊరికే పోనివ్వలేదు. అయినా ఆ బరువు మాట చెవిలో పడింది. నిజమే, వీడియోల్లో కూడా ఒక ఇనుప కొక్కేనికి తాడు కట్టి నీళ్లలోకి దించుతారు, పడవ కదలకుండా. దాన్ని వాళ్లు యాంకర్ అంటారు. అన్నీ కొన్న నేను అదొక్కటీ మరిచిపోయాను (నల్లగా ఉంటుంది, లైటు వెలగదు, కంటికి ఆనలేదు). మామ చెప్పినట్టు రాయి కట్టుకోవచ్చు. కానీ నా పసుపు పడవకు వాకిట్లో రాయా? బావ ఆ రోజు సామాన్లు దించడానికి కామారెడ్డి పోయి ఉన్నాడు. అక్కడ ఇనుప సామాన్ల దుకాణాలకు కొదవ లేదు కదా అని ఫోన్ చేశాను. ఆ సంభాషణ నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"బావా, అన్నీ అయినయ్. యాంకర్ ఒక్కటే తక్కువ."

"యాంకర్ గూడ గావాల్నా?"

"అదే అసలు ముఖ్యం బావా. లేకుంటే నేను నిలువలేను."

"గంత భయపడుతున్నవా బామ్మర్దీ! సరే, ఎసొంటిది గావాలె?"

"గట్టిది గావాలె. మరీ పెద్దది వద్దు."

"ఒకటున్నది తియ్. మొన్న బాన్సువాడకు తోలిన. నాలుగ్గంటలు కదలకుండ నిలవడ్డది."

"నాకు గట్లనే గావాలె! పొద్దుగాల ఏడింటి వరకు నీళ్ల కాడుండాలె."

"ఆటోల ఎక్కించి తోలుత. ఫికర్ జెయ్యకు."

నేను ఫికర్ చేయలేదు. హాయిగా పడుకున్నాను.

మర్నాడు ఏడింటికి ఒడ్డంతా జనం. తూకాలు, బుట్టలు, బేరాలు, చేపలు కోసే ఆడవాళ్లు, బూడిదలో దొర్లుతున్న చేపలు. సంఘం పెద్దలు ఒక తిరగేసిన గుండ్రటి పుట్టి పడవ మీద కూర్చుని నా వైపే చూస్తున్నారు. అప్పుడు ఆటో వచ్చింది. దాంట్లోంచి మొదట బావ టెంట్ హౌస్ సౌండ్ బాక్సులు రెండు దిగాయి. ఆ తర్వాత నారింజరంగు పట్టుచీర కట్టుకుని, జడనిండా పూలు పెట్టుకుని, చేతిలో తీగ లేని మైకుతో ఒకామె దిగింది. బురద తగలకుండా చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నా దగ్గరికి వచ్చి, "నమస్కారమండీ, నేను మీ యాంకర్‌ని. ప్రోగ్రాం ఎవరిదండీ?" అని అడిగింది.

(మన భాషను నేనేమీ అనడం లేదు. కానీ అందులో ఆడమనిషికీ ఇనుప కొక్కేనికీ క్రియ ఒకటే కావడం వల్ల ఒక మనిషి బతుకు ఏమైందో పండితులు ఒకసారి ఆలోచించాలి. కొక్కెం మగదై ఉంటే బావకు అప్పుడే తెలిసిపోయేది.)

బావకు ఫోన్ చేస్తే, "గట్టి గొంతే పంపిన గదరా, ఇంకేం తక్కువైంది?" అని నా మీదే లేచాడు. మామ అంతా విని, గట్టు మీద నుంచి తాటికాయంత రాయి తెచ్చి, తాడు కట్టి నా కాళ్ల దగ్గర పెట్టాడు. అప్పుడైనా నేను తీసుకోవాలా వద్దా? ఊరంతా చూస్తోంది, ఆ రాయి చూసి చేపలు కోసే అవ్వ ఒకావిడ ఫక్కున నవ్వింది. "వద్దు మామా, తెడ్డుతోని ఆపుకుంట" అని పడవెక్కేశాను. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఒడ్డు దాటి వంద గజాలు పోయానో లేదో గాలి లేచింది. పైనున్న గొడుగు బొద్దుగా ఉబ్బింది. పడవ ఒక్కసారి ముందుకు దూకింది. తెడ్డు వేస్తే ఆగదు, వెనక్కి తోస్తే తిరగదు, గొడుగు ముడుద్దామంటే దాని బటన్ పనిచేయదు. వెనక నుంచి రెండు బాక్సుల్లోనూ యాంకరమ్మ గొంతు మోగిపోతోంది. "చూడండి, చూడండి! మన హీరోగారు ఎంత వేగంగా దూసుకుపోతున్నారో చూడండి! ఒక్కసారి గట్టిగా చప్పట్లు!" ఒడ్డు మీద నిజంగానే చప్పట్లు కొట్టారు. ఫిష్ ఫైండర్ నా కాళ్ల దగ్గర టింగు టింగుమంటూ, ఇక్కడ చేపలున్నాయి, ఇక్కడ కూడా ఉన్నాయి అని చూపిస్తూనే ఉంది. నేను వాటి మీదుగా పోతూనే ఉన్నాను. నాకు ఈత రాదని చెప్పానా? చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. మూడు నిమిషాల కిందట నేను కాబోయే యజమానిని, ఇప్పుడు రెండు చేతులతో కుర్చీ పట్టుకుని మా అమ్మను తలుచుకుంటున్నాను.

చివరికి అవతలి ఒడ్డు దగ్గర సగం మునిగిన తుమ్మచెట్టు ఒకటి నన్ను ఆపింది. గొడుగు దానికి చిక్కుకుని చిరిగిపోయింది. కాసేపటికి మామ తెప్ప మీద మెల్లగా వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "దెబ్బలు తాకినయా?" అని అడిగాడు. లేదన్నాను. పడవ నుంచి ఒక్కొక్కటీ విప్పి తన తెప్ప మీద వేసుకున్నాడు. స్పీకరు, ఐసు డబ్బా, జెండా, టీ గ్లాసు రింగు, టింగుమంటున్న ఫైండరు. విప్పుతున్నకొద్దీ పడవ తేలికై పైకి లేవడం నాకే తెలిసింది. అంతా అయ్యాక ఒడ్డు వైపు ఒకసారి చూసి, తెప్ప మీద ఉన్న తడి గోనెలో చెయ్యి పెట్టి, రాత్రి తన వలలో పడిన ఒక కొర్రమట్టను తీసి నా ఒళ్లో వేశాడు. మోచేతి పొడుగుంది, ఇంకా కొట్టుకుంటోంది. "తీస్కపో. నువ్వే పట్టినవను" అన్నాడు. "వద్దు మామా" అన్నాను. "నీ ఒక్కని ముచ్చట గాదురా. అందర్ల నేను మాటిచ్చిన" అన్నాడు, నా మొహం చూడకుండా.

మామ తన తాడుతో నా పడవను సగం దూరం లాక్కొచ్చి, అక్కడి నుంచి నన్ను ముందు పొమ్మన్నాడు. నేను చేపను ఎత్తిపట్టుకుని ఒడ్డుకు చేరేసరికి యాంకరమ్మ ఆనందం పట్టలేకపోయింది. ఆమె చాలా మంచి యాంకర్. పని మీద అంత శ్రద్ధ ఉన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు, అదే నా కొంప ముంచింది. నేరుగా వచ్చి మైకు నా నోటి దగ్గర పెట్టింది. "ఎంతసేపు ఇబ్బంది పెట్టిందండీ ఈ చేప?" "చాలాసేపు" అన్నాను. "గాలానికి ఏం ఎర వేశారండీ, మన ప్రేక్షకులకు చెప్పండి!" నేను ఎర అంటే వీడియోలో చూసిన ఒక్కదాన్నే ఎరుగుదును. "శనగపిండి ముద్ద" అన్నాను, రెండు బాక్సుల్లో, ఎల్లారెడ్డి దాకా వినపడేలాగా.

ఒక్క క్షణం తూకాలు ఆగిపోయాయి. ఆ తర్వాత ఒడ్డంతా ఒక్కసారిగా పగలబడి నవ్వింది. కొర్రమట్ట కప్పల్ని తింటుంది, చిన్న చేపల్ని మింగుతుంది, కదిలేది ఏదైనా పట్టుకుంటుంది. పిండి మాత్రం ముట్టదు. ఇది అక్కడ ప్రతి ఒక్కరికీ తెలుసు, నాకు తప్ప. పుట్టి మీద కూర్చున్న సంఘం పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ, "పిండి తిన్న కొర్రమట్టను మా తాత గూడ సూడలేదు పిలగా" అన్నాడు. తర్వాత నవ్వు ఆపి మామ వైపు చూశాడు. మామ తెప్పను ఒడ్డుకు లాగుతూ తల ఎత్తలేదు. నలభై ఏళ్లలో ఆ మనిషి అక్కడ తల దించుకోవడం అదే మొదటిసారి అయి ఉంటుంది. నా ఉద్యోగం, నా పది పడవలు, అన్నీ ఆ ఒక్క చూపుతో మరిచిపోయాను. "మామ తప్పేం లేదు. నేనే అడిగి తీస్కున్న" అన్నాను. మైకు ఇంకా నా నోటి దగ్గరే ఉంది, ఆ మాటా రెండు బాక్సుల్లో మోగింది. మామ అక్కడి నుంచే అరిచాడు. "అబద్ధం! పిలగాడు వద్దన్నడు. ఏసింది నేను!" మైకు లేకుండానే ఆ మాట అందరికీ వినపడింది.

యాంకరమ్మ మైకు కట్టేసి, మొదటిసారి మామూలు గొంతుతో నా చెవిలో, "ముందుగాల నాకొక్క మాట చెప్పుంటే ఆ ప్రశ్న అడుగుతుంటినా అన్నా!" అని తెగ బాధపడింది.

పెద్దలు తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకున్నారు. నేను చేపను పట్టుకునే నిలబడ్డాను (కింద పెట్టాలని తోచలేదు). చివరికి పెద్దాయన లేచి, "ఈయేడు దిగుడు లేదు. వచ్చే మిర్గం దాక మీ మామ తెప్ప ఎనుక తిరిగి నేర్సుకో. అప్పుడు సూస్తం. పిండి మాత్రం తేకు" అన్నాడు. ఆ రోజు నుంచి ఎల్లారెడ్డిలో నా పేరు పిండి. మా అక్క కూడా అలాగే పిలుస్తుంది. సేటు నన్ను మళ్లీ కౌంటర్ వెనక నిలబడనిచ్చాడు, ఆయన పెట్టుకున్న కొత్త మనిషి నిజాయితీపరుడట. ఆదివారం వస్తే ఎల్లారెడ్డి బస్సెక్కేవాణ్ణి. మామ మొదటి రెండు నెలలూ నాకు గాలం ఇవ్వలేదు, నడుముకు తాడు కట్టి ఈత నేర్పించాడు. ఆ తర్వాత గాలి ఎటు వీస్తే పడవను ఎటు పెట్టాలో, రాయిని ఎంత తాడుతో దించాలో, వానపామును కొక్కేనికి ఎలా గుచ్చాలో నేర్పించాడు. చాలా మటుకు మాటల్లేకుండానే నేర్పించాడు.

ఇప్పుడు నాకు ఆ నీళ్ల మీద మూడు పడవలున్నాయి. ఒక్కో దాంట్లో తెడ్డు, జాకెట్టు, కర్ర, తాడు కట్టిన రాయి, అంతే. పట్నం నుంచి వచ్చే కుర్రాళ్లు సంచుల నిండా సామాన్లు తెచ్చి, "అన్నా, ఇది పెట్టుకోవాల్నా?" అని అడుగుతుంటారు. వద్దని చెప్పడానికి నాకు నోరు రాదు. జెండా కట్టుకుంటామంటే కట్టుకోమంటాను. గొడుగు ఒక్కటి మాత్రం లాక్కుంటాను. ఆ పసుపు పడవలో కూర్చున్నవాడు ఎంత మూర్ఖుడైనా, వాడంత సంతోషంగా నేను మళ్లీ ఎప్పుడూ నీళ్లలోకి దిగలేదు, నిజం చెప్పొద్దూ!

పెద్దాయన గడువు పెట్టిన ఆ రెండో మిర్గం నాడు మైకూ లేదు, చప్పట్లూ లేవు. సన్నటి చినుకు పడుతోంది. రాయి దించుకుని, కదలకుండా మధ్యాహ్నం దాకా కూర్చుంటే ఒక్క జెల్ల చేప పడింది, జానెడు. సంఘం పెద్దాయన దాని మూతి తెరిచి కొక్కెం గుచ్చుకున్న చోటు చూసి, "మంచిగున్నది, దిగు" అని పోయాడు. ఇంటికి తెస్తే అక్క దాంట్లో చింతపులుసు పోసి వండింది. అయిదుగురికి ఒక్క చేప. మొదటి ముక్క మామ కంచంలో వేసింది. ఆయన తొందరపడకుండా తిన్నాడు, ముల్లు తీసి పక్కన పెట్టాడు, నా వైపు చూడకుండానే, "గిది నువ్వు పట్టిందే" అన్నాడు.